పిల్లలే కేబుల్ అయ్యారు: బడి లెక్కలకు ఉమ్మడి ఫార్మాట్ ఎందుకు అడగాలి

జూన్, జులై నెలల్లో కరీంనగర్, పెద్దపల్లి, మంచిర్యాల, ఆదిలాబాద్.. ఏ పట్నంలో మీసేవ సెంటర్‌కు పోయినా ఒక ప్లాస్టిక్ కవర్ కనబడుతుంది. అందులో కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, టెన్త్ మెమో, టీసీ, బోనఫైడ్‌లు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఉంటాయి. కవర్ పట్టుకున్న పిల్ల పక్కన ఆ రోజు కూలి పోగొట్టుకొని వచ్చిన తల్లో తండ్రో ఉంటారు. ఆ కాయితాల్లో దాదాపు అన్నీ ప్రభుత్వం ఇచ్చినవే, లేదంటే ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి ఇచ్చినవే. వాటిలోని వివరాల్లో చాలా మటుకు ఏదో ఒక ప్రభుత్వ కంప్యూటర్‌లో ముందే ఉన్నాయి. అయినా ఒక ఆఫీసు రాసిచ్చిన దాన్ని ఇంకో ఆఫీసుకు మోసే పని ఆ ఇద్దరి మీదే పడుతుంది.

రెండు యంత్రాలు మాట్లాడుకోవాలంటే మధ్యలో ఒక కేబుల్ కావాలి. మన విద్యాశాఖలో ఆ కేబుల్ పని దళిత, ఆదివాసీ పిల్లలు చేస్తున్నారు. డబ్బున్న ఇంటి పిల్ల ఫీజు కడితే సరిపోతుంది, ఆమె కులం, ఆదాయం ఎవరూ అడగరు. స్కాలర్‌షిప్ మీద, హాస్టల్ మీద, గురుకులం సీటు మీద ఆధారపడ్డ పిల్ల మాత్రం తాను ఎవరో మళ్లీ మళ్లీ నిరూపించుకోవాలి. బడి సాఫ్ట్‌వేర్‌ల మధ్య డేటా ఎట్లా కదులుతుందన్నది ఇంజనీర్ల గొడవ అని మనం వదిలేయడానికి లేదు. ఈ వ్యాసంలో ఆ యంత్రాలు ఏవి, అవి ఎక్కడ తెగిపోతున్నాయి, మనం ఏది అడగాలి, ఏది అడగకూడదు అన్నవి చూద్దాం.

ఒక పిల్ల, ఎన్నో రిజిస్టర్లు

అన్నిటికన్నా పెద్దది యూడైస్ ప్లస్. 1990ల మధ్యలో డీపీఈపీ కాలంలో డైస్ పేరుతో మొదలైంది. 2012-13లో యూడైస్ అయింది, 2018-19లో యూడైస్ ప్లస్ అయింది. మొదట్లో ఇది బడుల లెక్క. ఎన్ని గదులు, ఎందరు టీచర్లు, ఎందరు ఎస్సీ పిల్లలు అన్న మొత్తాలు ఉండేవి. 2022-23 నుంచి ఒక్కో విద్యార్థి వివరం విడివిడిగా ఎక్కించడం మొదలుపెట్టారు. ప్రతి విద్యార్థికి పెన్ అనే శాశ్వత విద్యా నంబర్ ఇచ్చారు. ఆ తర్వాత అపార్ వచ్చింది. అది 12 అంకెల నంబర్, అది రావాలంటే యూడైస్‌లో పేరు ఆధార్‌లో పేరుతో కలవాలి.

ఇది కేంద్రానిది. రాష్ట్ర పాఠశాల విద్యాశాఖకు చైల్డ్ ఇన్ఫో పేరుతో సొంత విద్యార్థుల లెక్క ఉంది. పదో తరగతికి వచ్చేసరికి ఎస్‌ఎస్‌సీ బోర్డుకు నామినల్ రోల్స్ పంపాలి. ఇంటర్ బోర్డుది వేరే దుకాణం. డిగ్రీకి 2016 నుంచి దోస్త్. సాంఘిక సంక్షేమ, గిరిజన, బీసీ, మైనారిటీ గురుకులాలు ఒక్కోటి ఒక్కో సొసైటీ కింద ఉంటాయి. స్కాలర్‌షిప్‌లకు ఈపాస్ ఉంది, దాన్ని హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ తయారుచేసింది. కులం, ఆదాయం సర్టిఫికెట్లు రెవెన్యూ శాఖ నుంచి మీసేవ ద్వారా వస్తాయి. వీటికి తోడు హాజరుకు ముఖ గుర్తింపు యాప్.

ఉట్నూరు ఏజెన్సీలో ఒకే టీచర్ ఉన్న బడిని ఊహించుకోండి. ఒకే పిల్ల పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం అక్కడి సారు ఎన్నిసార్లు టైపు చేయాలి? టైపు చేసిన ప్రతిసారీ ఒక తప్పుకు దారి తెరుచుకుంటుంది. దిద్దుకునే భారం మాత్రం సారు మీద కాదు, ఎక్కించమన్న ఆఫీసు మీద కాదు, పిల్ల మీద పడుతుంది.

అన్నీ తెగిపోయి ఉన్నాయని అనడం లేదు. మీసేవ సర్టిఫికెట్ నంబర్ కొడితే ఈపాస్ వివరాలు తెచ్చుకుంటుంది. టెన్త్ హాల్‌టికెట్ నంబర్‌తో బోర్డు దగ్గరి పేరు వస్తుంది. అయితే ఇవి ఇద్దరిద్దరి మధ్య కుదిరిన ఒప్పందాలు. కొత్త శాఖ వస్తే మళ్లీ మొదటి నుంచి తీగ లాగాలి. అందరికీ తెలిసిన, ఎవరైనా చదివి చూసుకోగలిగిన ఉమ్మడి పద్ధతి అంటూ లేదు.

పేరు దగ్గర తెగుతుంది

లక్ష్మి అన్న పేరు తీసుకోండి. తెలుగులో ఒకటే రాత. ఇంగ్లిష్‌లో మన దగ్గర చాలామంది ఎల్-ఎ-ఎక్స్-ఎం-ఐ అని రాస్తారు. ఆధార్ ఆపరేటర్ తెలుగులో కొట్టి యంత్రాన్ని మార్చమంటే ఎల్-ఎ-కె-ఎస్-హెచ్-ఎం-ఐ అని రావచ్చు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఒకచోట ఒట్టి ఇనిషియల్. మనిషికి చూడగానే ఒకరే అని అర్థమవుతుంది. యంత్రానికి ఇవి మూడు వేర్వేరు మనుషులు. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జీవితంలో రెండే అవకాశాలు, పుట్టిన తేదీకి ఒక్కటే. టెన్త్ మెమోలో మార్చుకోవాలంటే బడి నుంచి డీఈవో ఆఫీసు మీదుగా హైదరాబాద్‌లోని బోర్డు దాకా ఫైలు పోవాలి.

దళితవాడల్లో దీనికి ఇంకో పొర ఉంది. పాత తరం పేర్లు ఊరి దొర, పట్వారీ పిలిచినట్టు కాయితాల మీదికి ఎక్కాయి. అయ్య చేర్చి గౌరవంగా రాయించుకున్నది తర్వాతి కాలంలో. తండ్రి పేరు పహాణీలో ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా ఉండటం వెనుక ఆ చరిత్ర ఉంది. సాఫ్ట్‌వేర్ దాన్ని 'నేమ్ మిస్‌మ్యాచ్' అంటుంది.

పుట్టిన తేదీ కథ కూడా అటువంటిదే. ఇంట్లో పుట్టిన పిల్లలకు బడిలో చేర్చేటప్పుడు సారు ఒక జూన్ తేదీ వేశారు, ఆధార్ సెంటర్‌లో వయసు అడిగి జనవరి 1 వేశారు. ఇది కాక తేదీ రాసే తీరు ఒకటుంది. 05/06/2011 అంటే మనకు జూన్ 5. అమెరికా పద్ధతిలో పెట్టిన కంప్యూటర్‌కు అది మే 6. అందుకే తేదీలకు ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది: ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆ తర్వాత రోజు. 2011-06-05 అని రాస్తే ఎవరికీ అనుమానం రాదు. ఇంత చిన్న నియమం అన్ని శాఖలూ ఒప్పుకుంటే ఒక రకం తప్పు మొత్తంగా పోతుంది.

మండల ఆఫీసుల్లో, డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అను ఫాంట్లలో తెలుగు కొట్టారు. తెర మీద అక్షరం తెలుగే. లోపల కంప్యూటర్ దాచుకున్నది ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల పోగు. ఆ ఫాంట్ లేని యంత్రంలో తెరిస్తే చెత్త కనబడుతుంది, వెతికితే దొరకదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటు ఉంది. అయినా పాత జాబితాలు ఎన్నో ఆ ఫాంట్లలోనే ఉండిపోయాయి. ఇక ఎక్సెల్ షీట్లు. 12 అంకెల నంబర్‌ను మామూలు గడిలో కొడితే అది దశాంశం పెట్టి, ఇంగ్లిష్ 'ఇ' అక్షరం పక్కన 11 వేసి కుదించి చూపిస్తుంది. దాన్ని అట్లాగే కాపీ చేసి పంపితే నంబర్ పోయినట్టే.

కులం పేరు, ఊరి కోడ్

ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్‌లలో, ముఖ్యంగా మంచిర్యాల, ఆసిఫాబాద్, పెద్దపల్లి వైపు నేతకాని కులస్తులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. తెలంగాణ ఎస్సీ జాబితాలో ఆ పేరు ఇంగ్లిష్‌లో 'మాల సాలె, నెతాని' అన్న రాతతో ఉంది. జనం పలికే పేరుకూ, జాబితాలో అచ్చయిన పేరుకూ మధ్య ఒక అక్షరమే తేడా. సర్టిఫికెట్ రాసే గుమస్తాకు ఆ సంగతి తెలిస్తే సరి. కులాన్ని పేరుతో కాకుండా, జాబితాలోని వరుస నంబర్‌కు కట్టిన ఒకే కోడ్‌తో అన్ని శాఖలూ రాసుకుంటే ఈ చిక్కు రాదు. పేరు ఏ రాతలో ఉన్నా కోడ్ ఒకటే ఉంటుంది.

ఈ విషయం ఇప్పుడు ఇంకా బరువైంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీ వర్గీకరణకు దారి ఇచ్చింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో వర్గీకరణ చట్టం అమల్లోకి వచ్చింది. 59 కులాలను మూడు గ్రూపులు చేశారు: మొదటి గ్రూపులో 15 కులాలకు 1 శాతం, రెండో గ్రూపులో 18 కులాలకు 9 శాతం, మూడో గ్రూపులో 26 కులాలకు 5 శాతం. వర్గీకరణ మీద మాదిగ, మాల, నేతకాని సంఘాల మధ్య ఉన్న వాదనలు మనకు తెలిసినవే, అవి ఇక్కడ విప్పడం లేదు. ఎవరు ఏ పక్షాన ఉన్నా ఒక ప్రశ్న అందరిదీ. యూడైస్ ప్లస్‌లో సామాజిక వర్గం గడి జనరల్, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అని నాలుగు ముక్కలే. అది చదివి ఏ గ్రూపు పిల్లలు ఐదో తరగతి తర్వాత బడి మానేస్తున్నారో చెప్పలేం. మొదటి గ్రూపులోని చిన్న కులాలకు 1 శాతం నిజంగా అందుతోందా అన్నది తేలాలంటే ప్రవేశాల డేటా, స్కాలర్‌షిప్ డేటా, డ్రాపౌట్ డేటా ఒకే కోడ్‌తో ఉండాలి. లేకపోతే వాదించుకోవడానికి నినాదాలే మిగులుతాయి.

ఊళ్ల కోడ్‌లదీ ఇదే సంగతి. యూడైస్ బడి కోడ్‌లో 11 అంకెలుంటాయి: రాష్ట్రానికి రెండు, జిల్లాకు రెండు, మండలానికి రెండు, ఊరికి మూడు, బడికి రెండు. చూడటానికి తెలివిగా ఉంటుంది. కానీ కోడ్ లోపలే చిరునామా పెడితే చిరునామా మారిన రోజు కోడ్ అబద్ధమాడుతుంది. 2014లో రాష్ట్రం విడిపోయి 28 కాస్తా 36 అయింది. 2016 అక్టోబర్ 11న ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. కరీంనగర్ నుంచి పెద్దపల్లి, జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వచ్చాయి, కొన్ని మండలాలు పక్క జిల్లాల్లో కలిశాయి. బడి కదల్లేదు, గోడలు అవే, చుట్టూ ఉన్న పేర్లే మారాయి. పాత కోడ్‌కు కొత్త కోడ్‌కు మధ్య పట్టిక బహిరంగంగా లేకపోతే 2015 నాటి ఎస్సీ పిల్లల లెక్కను 2025 లెక్కతో పోల్చే పరిశోధక విద్యార్థి మొదటి నెలంతా ఆ పట్టిక తానే కట్టుకోవాలి.

ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం అంచున మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాతో తగువు పడ్డ డజను పైచిలుకు ఊళ్లున్నాయి. అక్కడ మరాఠీ మాట్లాడే దళిత కుటుంబాలు, ఆదివాసీలు బతుకుతున్నారు. రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు చోట్లా ఓట్లు, తెలుగు బడి, మరాఠీ బడి. ఒక బడి కోడ్ 27తో, ఇంకోటి 36తో మొదలవుతుంది. మహారాష్ట్రకు 2015 నుంచి సరళ్ అనే సొంత విద్యార్థుల డేటాబేస్ ఉంది. వలస వచ్చిన వారి ఎస్సీ హోదా సొంత రాష్ట్రానికే చెందుతుందన్నది నియమం, కాబట్టి తాతలు ఏ వైపు నుంచి వచ్చారన్నది కులం సర్టిఫికెట్ దగ్గర అడ్డుపడుతుంది. ఒకే వాడ పిల్లలు రెండు యంత్రాల్లో సగం సగం ఉన్నారు. ఈ చిక్కును ఫార్మాట్ ఒక్కటే తీర్చదు, రాజకీయం తీర్చాలి. కానీ ఆ పిల్ల మరాఠీ బడిలో నాలుగు చదివిందన్న సంగతి తెలుగు బడికి తెలియడానికి సరిహద్దు తగువు తేలేదాకా ఆగనక్కర్లేదు.

పెద్దపల్లి, కరీంనగర్ ఇటుక బట్టీలకు ఏటా ఒడిశా నుంచి వచ్చే కూలీల పిల్లలు ఇంకో పక్క. వాళ్లలో దళితులు, ఆదివాసీలే ఎక్కువ. బట్టీల దగ్గర ఒడియాలో చెప్పే వర్క్‌సైట్ బడులు నడిచిన సందర్భాలున్నాయి. అక్కడ ఆరు నెలలు చదివిన చదువు సొంతూరి బడి రిజిస్టర్‌లో ఎక్కకపోతే ఆ పిల్ల అక్కడ 'గైర్హాజరు', ఇక్కడ 'లేదు'.

ఓపెన్ ఫార్మాట్ అంటే ఏమిటి

ఊళ్లో సంత తూకాన్ని తలచుకోండి. కిలో రాయి ఎంత బరువుండాలో ఒక్క షావుకారు దగ్గరే రహస్యంగా ఉంటే కొనేవాడు ఏమీ అనలేడు. ఎంతుండాలో అందరికీ తెలిస్తే ఎవరైనా తూచి చూసుకోవచ్చు. ఓపెన్ ఫార్మాట్ అంటే డేటాను ఏ వరుసలో, ఏ గడిలో, ఏ కోడ్‌తో రాయాలో చెప్పే నియమాలు బహిరంగంగా ఉండటం. వాటిని వాడుకోవడానికి ఎవరికీ లైసెన్సు డబ్బు కట్టక్కర్లేకపోవడం. సీఎస్‌వీ, ఎక్స్‌ఎంఎల్, జేసన్ అనేవి ఇటువంటి రాత పద్ధతులు. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవొచ్చు. కంపెనీ మారినా, కాంట్రాక్టు అయిపోయినా డేటా బందీ కాదు.

పద్ధతి ఒకటే ఉంటే సరిపోదు, మాటలకు అర్థాలు కూడా ఒకటే ఉండాలి. సీఎస్‌వీలో పంపినా ఒకరి 'పేరు' గడిలో ఇంటిపేరు ఉండి ఇంకొకరి దాంట్లో లేకపోతే మళ్లీ మొదటికే. గడుల పేర్లు, అర్థాలు, కోడ్‌ల జాబితా కలిపిన నిఘంటువు ఒకటి అచ్చు వేయాలి. తెలుగు పేరు యూనికోడ్‌లో ఒక గడిలో, ఇంగ్లిష్ రాత ఇంకో గడిలో, మారుపేర్లకు మరో గడి ఉండాలి. ఊళ్లకు కేంద్రం దగ్గర లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్‌లు ఇప్పటికే ఉన్నాయి, వాటినే వాడొచ్చు.

ఇది ఆకాశంలోంచి ఊడిపడ్డ ఆలోచన కాదు. ఈ-గవర్నెన్స్‌లో ఓపెన్ స్టాండర్డ్స్ వాడాలన్న విధానాన్ని భారత ప్రభుత్వం 2010 నవంబర్‌లోనే ప్రకటించింది. కేరళలో ప్రభుత్వం బడుల కోసం నడిపే సంపూర్ణ సాఫ్ట్‌వేర్‌కు పునాది ఫెడీనా అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. అక్కడ టీసీ అందులోంచే వస్తుంది, పదో తరగతి పరీక్షకు పేర్లు అందులోంచే పోతాయి. సారు మళ్లీ కొట్టే పని తగ్గింది.

ఇంగ్లండ్‌లో ఒక పిల్ల బడి మారితే పాత బడి 15 బడి దినాల్లోగా కొత్త బడికి ఒక ఫైలు పంపాలని చట్టమే చెబుతుంది. దానికి కామన్ ట్రాన్స్‌ఫర్ ఫైల్ అని పేరు. ఎక్స్‌ఎంఎల్‌లో ఉంటుంది, అందులో ఏ గడిలో ఏముండాలో విద్యాశాఖ ప్రచురిస్తుంది. ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ వాడే బడి అయినా ఆ ఫైలు రాయగలగాలి, చదవగలగాలి.

మన దగ్గర యూడైస్ ప్లస్‌లో బడి మారడం వేరే రకం. పాత బడి పిల్లను వదిలితే ఆమె 'డ్రాప్‌బాక్స్' అనే గదిలోకి పోతుంది, కొత్త బడి అక్కడి నుంచి తెచ్చుకోవాలి. ప్రైవేటు బడి బకాయి ఫీజు సాకుతో వదలకపోతే పిల్ల కొత్త బడి బెంచీ మీద కూర్చుని ఉంటుంది, లెక్కలో పాత బడిలోనే ఉంటుంది. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ఏమంటుందో కార్యకర్తలు గుర్తుంచుకోవాలి. ఎలిమెంటరీ చదువులో టీసీ వెంటనే ఇవ్వాలి, టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ, ఎయిడెడ్ బడి చేర్చుకోకుండా ఉండకూడదు, ఆలస్యం చేసిన హెడ్‌మాస్టర్ మీద క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు. చట్టం కాయితం టీసీ గురించి చెప్పింది. తెర మీద ఉన్న 'రిలీజ్' బటన్ కూడా ఇప్పుడు టీసీయే కదా.

కలిపేయడం వేరు, మాట్లాడుకోవడం వేరు

ఇక్కడ ఆగి ఒక జాగ్రత్త చెప్పాలి. 'డేటా కలవాలి' అనగానే ప్రభుత్వాలు సంతోషంగా ఇంకో పని చేస్తాయి. అన్ని శాఖల డేటాను ఒకేచోట పోసి, ఒక నంబర్‌తో కుట్టి, ఒక అల్గారిథం చేతిలో పెడతాయి. అది ఎట్లుంటుందో తెలంగాణకు తెలుసు. సమగ్ర వేదిక అనే వ్యవస్థ వేర్వేరు శాఖల రికార్డులను పేర్లు, చిరునామాల పోలికతో జతచేసి, ఎవరికి ఏముందో ఊహిస్తుంది. 2014 నుంచి 2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకు పైగా రేషన్ కార్డులు రద్దయ్యాయి, నోటీసు కూడా లేకుండా. రిక్షా తొక్కి బతికిన మనిషికి కారు ఉందని యంత్రం చెప్పిన ఉదంతాన్ని 2024లో అల్ జజీరా పరిశోధన బయటపెట్టింది. రద్దయిన కార్డులను ఇంటింటికీ పోయి మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

అదే పోలిక పద్ధతి స్కాలర్‌షిప్‌లకు వస్తే? 2020 డిసెంబర్‌లో కేంద్ర మంత్రివర్గం ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు ఐదేళ్లకు 59,048 కోట్ల పథకాన్ని ఆమోదించింది, అందులో కేంద్రం వాటా 60 శాతం. అర్హత, కులం, ఆధార్, బ్యాంకు ఖాతా అన్నీ ఆన్‌లైన్‌లో తేల్చాలని అప్పుడే చెప్పారు. డబ్బు ఆధార్‌కు చివరిగా జతపడ్డ ఖాతాలోకి పోతుంది. తల్లి ఉపాధి కూలి కోసం ఒక బ్యాంకులో, పిల్ల స్కాలర్‌షిప్ కోసం ఇంకో బ్యాంకులో ఖాతా తెరిచిన ఇళ్లలో ఏ నంబర్ ఎక్కడ జతపడిందో తెలుసుకోవడానికే రోజులు పడతాయి.

ఫార్మాట్ ఉమ్మడిగా ఉండాలి, డేటా మాత్రం ఎవరి దగ్గరిది వాళ్ల దగ్గరే ఉండాలి. అవసరమైనప్పుడు, అవసరమైన ముక్క, కుటుంబానికి తెలిసేలా కదలాలి. పిల్ల ఎస్సీ అవునా కాదా అని కాలేజీ అడిగితే రెవెన్యూ శాఖ అవుననో కాదనో చెబితే చాలు. ఆ ఇంటి పింఛను, రేషన్, భూమి వివరాలు కాలేజీకి ఎందుకు? ఇంగ్లండ్ విద్యార్థి నంబర్‌కు ఒక నియమం ఉంది. దాన్ని బడి పనికి తప్ప వాడకూడదు, బడి చదువు అయిపోయాక ఆ నంబర్ చెల్లదు. అదే దేశంలో 2016లో బడి లెక్కల్లో పిల్లల జాతీయత, పుట్టిన దేశం అడగడం మొదలుపెట్టారు. వలసదారుల వేటకు అది వాడతారని తల్లిదండ్రులు, టీచర్లు వ్యతిరేకించారు, 2018లో ఆపేశారు. మంచి ఫార్మాట్ ఉన్న చోట కూడా ఏ గడి ఉండకూడదన్న పోరాటం వేరేగా చేయాల్సి వచ్చింది. బట్టీ కూలీ పిల్లల విషయంలో, సరిహద్దు ఊళ్ల విషయంలో మనకూ ఆ ప్రశ్న వస్తుంది.

అపార్ స్వచ్ఛందమని కేంద్రం చెబుతుంది, అందుకే తల్లిదండ్రుల సమ్మతి పత్రం ఉంది. బడుల మీద మాత్రం నూరు శాతం చేయాలన్న ఒత్తిడి. 2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు ఆధార్ తీర్పులో బడి ప్రవేశానికి ఆధార్ తప్పనిసరి కాదని, ఆధార్ లేదని ఏ పిల్లకూ ఏ పథకమూ నిరాకరించరాదని చెప్పింది. సమ్మతి పత్రం మీద సంతకం అడిగినప్పుడు వద్దనే హక్కు కూడా ఉందని వాడలో చెప్పే మనిషి ఉండాలి. ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు పిల్ల వివరం పోవడానికి ఆధార్ అక్కర్లేదు, పెన్ చాలు, అసలు పాత బడి అడ్మిషన్ నంబర్, బడి కోడ్ కలిపినా చాలు.

ఇంకో మోసం గురించి కూడా మాట్లాడాలి. స్కాలర్‌షిప్ ఆగిందంటే రెండు కారణాలుండొచ్చు. వివరం కలవలేదు, లేదా ప్రభుత్వం డబ్బు విడుదల చేయలేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు వేల కోట్లకు చేరిన రాష్ట్రం ఇది. తెర మీద రెండిటికీ ఒకటే మాట కనబడితే పిల్ల తన పేరులో తప్పుందేమో అని మీసేవ చుట్టూ తిరుగుతుంది, ఆర్థిక శాఖ ప్రశాంతంగా ఉంటుంది. ఆగిన కారణానికి ఒక కోడ్, ఆ కోడ్‌కు తెలుగులో అర్థం, ఏ అధికారి దగ్గర ఎన్ని రోజులుగా ఉందో తేదీ.. ఇవి ఫార్మాట్‌లో తప్పనిసరి గడులు కావాలి. నాకైతే మొత్తం వ్యవహారంలో ఈ ఒక్క గడి సాధించినా పెద్ద గెలుపే అనిపిస్తుంది. జిల్లాల వారీగా ఆ కోడ్‌ల మొత్తాలను పేర్లు లేకుండా ప్రతి నెలా సీఎస్‌వీలో బయటపెడితే బకాయి ఎంత, యంత్రం తప్పు ఎంత అన్నది విద్యార్థి సంఘాలే లెక్కగడతాయి.

ఏడో తరగతి దాకా

చదువు అయిపోయాక కూడా ఈ డేటా వదలదు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం తెలంగాణలో నేరుగా భర్తీ చేసే ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకు. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివారన్నది చూసి స్థానికత తేలుస్తారు. నోటిఫికేషన్ పడగానే పాతికేళ్ల పిల్లలు ఒకటో తరగతి బోనఫైడ్ కోసం తిరగడం అందుకే. మన పిల్లలు ఒకటో రెండో ఊరి బడిలో, మూడు నుంచి అమ్మమ్మ ఊళ్లో, ఐదు నుంచి గురుకులంలో చదివి ఉంటారు. మధ్యలో ఒక ఏడాది మూతబడ్డ చిన్న ప్రైవేటు బడి కూడా ఉండొచ్చు. ఉమ్మడి ఆదిలాబాద్‌లో చదివిన పిల్లకు ఆ బడులు ఇప్పుడు రెండు మూడు జిల్లాల్లో ఉండొచ్చు.

మూతబడ్డ బడి సాఫ్ట్‌వేర్ ఏదో కంపెనీది. కంపెనీ చందా ఆగితే డేటా కూడా ఆగింది. రిజిస్టర్లు మండల విద్యాధికారి ఆఫీసుకు చేరితే చేరినట్టు. ప్రైవేటు బడి గుర్తింపు రెన్యువల్‌కు వచ్చినప్పుడు అగ్నిమాపక పత్రం, భవన పత్రం అడుగుతారు. ఏటా విద్యార్థుల రికార్డు ఓపెన్ ఫార్మాట్‌లో జమ చేసిన రసీదు కూడా అడగాలని జిల్లా విద్యాధికారికి వినతి ఇవ్వొచ్చు. ప్రతి ఏప్రిల్‌లో ప్రోగ్రెస్ కార్డుతో పాటు ఆ ఏటి చదువు వివరం డిజిటల్ సంతకంతో ఒక ఫైలుగా, ఒక ముద్రిత కాయితంగా కుటుంబం చేతికి ఇవ్వాలని కోరవచ్చు. ఫోన్ లేని ఇంటికి కాయితం ముఖ్యం.

సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు. పాఠశాల విద్యా డైరెక్టరేట్‌ను, ఎస్సీ అభివృద్ధి శాఖను, గురుకుల సొసైటీలను విడివిడిగా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మీ విద్యార్థి డేటాబేస్‌లో ఉన్న గడుల జాబితా, వాటి అర్థాలు ఇవ్వండి. కులాలకు, ఊళ్లకు ఏ కోడ్‌లు వాడుతున్నారు? సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు ముగిసినప్పుడు డేటాను ఏ ఫార్మాట్‌లో అప్పగించాలని ఒప్పందంలో రాసుకున్నారు? ఈ డేటా ఏయే ఇతర శాఖలకు పోతోంది, ఏ ఉత్తర్వు మీద? గత ఏడాది పేరు కలవక ఆగిన ఎస్సీ దరఖాస్తులు జిల్లాల వారీగా ఎన్ని, నిధులు లేక ఆగినవి ఎన్ని? ఏ ఒక్క పిల్ల పేరూ అడగడం లేదు కాబట్టి వ్యక్తిగత సమాచారమని తిరస్కరించే వీలు లేదు. జవాబును స్కాన్ చేసిన బొమ్మగా కాకుండా సీఎస్‌వీ ఫైలుగా ఇమ్మని దరఖాస్తులోనే రాయండి. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న సమాచారాన్ని ఆ రూపంలోనే తీసుకునే హక్కు 2005 చట్టంలో ఉంది.